సమాధుల దొడ్డికి బాట: ఒక అర్జీ అనుభవం

మాది నల్లరేగడి ఊరు. వాన పడితే చెప్పు కాలికి నిలవదు. కాలనీ దాటాక, శనగచేల మధ్యలో మా క్రైస్తవ సంఘం సమాధుల దొడ్డి ఉంది. మా ముత్తాతల కాలం నుంచీ భూస్థాపనలు అక్కడే. అక్కడికి వెళ్లే డొంక (బండిబాట) ఏటికేడు సన్నబడుతూ వచ్చి, కొన్నిచోట్ల ఇద్దరు పక్కపక్కన నడవలేనంత అయిపోయింది. పెట్టె మోసేటప్పుడు ఒక వైపువాళ్లు గట్టు మీద, రెండో వైపువాళ్లు చేలో దిగి నడవాల్సి వచ్చేది. వర్షాకాలంలో ఎవరైనా పోతే ఇంట్లోవాళ్లకు పోయిన మనిషి దుఃఖం ఒకటి, పెట్టెను అక్కడిదాకా ఎలా చేరుస్తామా అన్న టెన్షన్ ఇంకొకటి. బురదలో పెట్టె ఒరిగిపోతుంటే వెనక నడిచే ఆడవాళ్లు ఏడుపు ఆపి "పట్టుకోండి, పట్టుకోండి" అని కేకలేయడం నేను కళ్లారా చూశాను.

ఆ డొంక మళ్లీ డొంకలా కావడానికి మేం ఏం చేశామో, ఎక్కడెక్కడ ఆగిపోయామో రాస్తున్నాను. ఇలాంటి ఇబ్బంది చాలా కాలనీల్లో ఉంది కాబట్టి ఎవరికైనా పనికొస్తుందని ఆశ. నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. సంఘంలో స్త్రీల సమాజానికి కార్యదర్శిని. అంతకుముందు ఆఫీసులతో నాకున్న పరిచయం రేషన్ కార్డు వరకే.

మొదట విషయం మందిరంలోనే తేలాల్సి వచ్చింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరు అయ్యగారు సంఘ పెద్దల్ని, సమాజం ఆడవాళ్లని కూర్చోబెట్టారు. ఉపవాస కూటాలు పెడదామన్నారు, అందరూ ఒప్పుకున్నారు. అర్జీ పెడదాం, ఆఫీసుకు వెళదాం అన్న మాట వచ్చేసరికి రెండు పక్షాలయ్యాయి. "దేవుని మీద భారం వేశాక మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగడం ఏమిటి, అది మన పని కాదు" అన్నారు ఒక పెద్దాయన. ఆయన భక్తి నిజమైనది. ఆ మాట వెనక భయం కూడా ఉంది. కాలనీ నుంచి వెళ్లి ఆఫీసులో గట్టిగా అడిగితే ఊళ్లో పనులు పోతాయని, అప్పు పుట్టదని మా పెద్దవాళ్లకు తరతరాల అనుభవం.

అప్పుడు మాట్లాడింది మా సమాజంలో అందరికంటే పెద్దది, చదువు రాని ఒక పెద్దమ్మ. "అయ్యా, విధవరాలు న్యాయాధిపతి దగ్గరికి నడిచి వెళ్లిందా, ఇంట్లో కూర్చుందా?" అని అడిగింది. లూకా సువార్త 18వ అధ్యాయం మాకందరికీ కంఠతా వచ్చు. "విసుకక నిత్యము" ప్రార్థన చేయాలని చెప్పడానికే యేసు ఆ కథ చెప్పారు. కానీ కథలోని మనిషి చేసిన పని చూడండి. దేవునికి భయపడని, మనుషుల్ని లెక్కచేయని అధికారి దగ్గరికి మాటిమాటికీ వెళ్లి, నాకు న్యాయం చెయ్యి అని అడిగింది. ప్రార్థన ఎలా చేయాలో చెప్పడానికి ప్రభువు ఎంచుకున్నది అర్జీ పట్టుకున్న ఒక ఆడమనిషిని. పెద్దమ్మ ఆ మాట అన్నాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

నేను అపొస్తలుడైన పౌలు సంగతి ఎత్తాను. ఫిలిప్పీ పట్టణంలో ఆయన్ని విచారణ లేకుండా కొట్టి చెరసాలలో వేశారు. తెల్లారి గుట్టుగా వెళ్లిపొమ్మంటే ఆయన వెళ్లలేదు. మేం రోమీయులం, మీరే వచ్చి మమ్మల్ని వెలుపలికి తీసుకురావాలన్నాడు. తర్వాత రోమా చక్రవర్తి కైసరు ముందే చెప్పుకుంటానని పై కోర్టుకు వెళ్లాడు. అన్నిటినీ నష్టంగా ఎంచుకున్న మనిషి తన పౌరసత్వాన్ని మాత్రం అవసరమైన చోట వాడుకున్నాడు. మనకు రాజ్యాంగం ఇచ్చిన హక్కును అడిగితే భక్తికి లోటు ఎలా వస్తుంది?

మాది బాప్టిస్టు సంఘం. ఒంగోలు మిషన్ చరిత్ర మా ఇళ్లలో పిల్లలకు కథలా చెబుతారు. 1854 జనవరి 1న అమెరికా మిషనరీ జ్యూవెట్ దొరగారు కొద్దిమందితో ఒంగోలు కొండ ఎక్కి, ఆ ఊరికి ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. అలా వచ్చిన మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. అంటే జవాబుకు పన్నెండేళ్లు పట్టింది. ఈ లోపల అమెరికాలోని మిషన్ వారు తెలుగువాళ్ల మధ్య మిషన్ పని మూసేద్దామా అన్నంతవరకూ వెళ్లారు. 1876-78 కరువు వచ్చినప్పుడు క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. ఆయనకు సర్వే పని తెలుసు. కరువు ఉన్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు, తిండి కోసం చేరారన్న మాట రాకూడదని. కరువు తగ్గాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సంఘాల్లో ఎక్కువగా ఆ అంకెనే చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆ కాలువే ముందు గుర్తొస్తుంది. వాక్యం చెప్పే మనిషి కొలతలూ, కూలి లెక్కలూ, గవర్నమెంటు కాయితాలూ చూసుకున్నాడు. అవి దేవుని పనికి బయటివని అనుకోలేదు.

ఆ రోజు తీర్మానం రెండూ చేద్దామని. శుక్రవారం ఉపవాస కూటం, సోమవారం ఆఫీసు.

అర్జీ రాయడానికి కూర్చున్నాక ఇంకో చిక్కు వచ్చింది. పైన "ఫలానా సంఘం క్రైస్తవులు" అని రాస్తే కొందరు సంతకం పెట్టడానికి జంకారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో అలాంటివారిని బీసీ-సీ (వెనకబడిన తరగతుల్లో ఒక గ్రూపు) కింద చూస్తారు. ఒకే ఇంట్లో తల్లి సర్టిఫికెట్ ఒక రకంగా, కొడుకుది ఇంకో రకంగా ఉన్న కుటుంబాలు మాలో ఉన్నాయి. పిల్లల చదువు, ఉద్యోగం దాని మీద ఆధారపడి ఉంటే సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణుకుతుంది. వాళ్లను తప్పుపట్టడం నాకు చేతకాలేదు.

దారి కూడా ఆ చిక్కులోంచే దొరికింది. ఆ డొంక మా ఒక్కరిదే కాదు. సమాధుల దొడ్డి అవతల చాలామంది రైతుల చేలున్నాయి. అందులో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. వాళ్ల ట్రాక్టర్లు వెళ్లాలన్నా అదే దారి. శనగ బస్తాలు నెత్తిన మోసి రోడ్డుకు చేరుస్తున్నారు. "వాళ్లనెందుకు కలుపుకోవాలి, మన శవం బురదలో పోతుంటే వాళ్లు ఎప్పుడైనా పలికారా?" అని మావాళ్లలో కొందరు అడిగారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. దానికి అయ్యగారు యిర్మీయా 29వ అధ్యాయం చదివారు. తమను చెరపట్టుకుపోయిన బబులోను ఊరి క్షేమాన్ని కూడా కోరమని, "దాని క్షేమము మీ క్షేమమునకు కారణమగును" అని దేవుడు తన ప్రజలకు రాయించిన ఉత్తరం అది. బబులోను కోసమే ప్రార్థించమంటే, పుట్టిన ఊరి సంగతి చెప్పాలా? చివరికి అర్జీ "గ్రామస్తులు, డొంక రైతులు" పేరున రాశాం. రైతుల ఇళ్లకు సంతకాల కోసం నేనూ, సమాజం నుంచి ఇద్దరు అక్కలూ వెళ్లాం. ఒకరిద్దరు గడపలోనే నిలబెట్టి మాట్లాడారు. ఎక్కువమంది మాత్రం "మంచిపనమ్మా, ఎప్పుడో చేయాల్సింది" అని సంతకం పెట్టారు.

ఇక కాయితాల పని. డొంకను ఎవరో చేలల్లో కలుపుకున్నారని నోటితో చెబితే చెల్లదు. రికార్డులో ఎంత ఉందో మన చేతిలో ఉండాలి. గ్రామ సచివాలయంలో అడిగితే మండలానికి వెళ్లమన్నారు, అక్కడ రికార్డు రూములో వెతకాలన్నారు. దాంతో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం. పంచాయతీ స్థాయిలో దీనికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ దరఖాస్తులో "ఎందుకు తీయించలేదు" లాంటి ప్రశ్నలు రాయకూడదు. వాళ్ల దగ్గరున్న కాయితమే అడగాలి. మేం అడిగినవి ఆ డొంక సర్వే నంబరు, ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) కాపీ, ఆర్ఎస్ఆర్ (భూముల పాత రిజిస్టరు)లో అది ఏ రకం భూమిగా ఉంది, ఆక్రమణ మీద ఇంతకుముందు నోటీసు ఏదైనా ఇచ్చి ఉంటే దాని కాపీ. అంతే.

చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు రావాలి. రాలేదు. గడువు దాటాక ఇంకో 30 రోజుల లోపు పై అధికారికి మొదటి అప్పీలు చేసుకోవచ్చు. చేశాం. ఆ మధ్యకాలమే అన్నిటికంటే కష్టం. ఆఫీసులో ఎవరైనా తిడితే కోపమైనా వస్తుంది, పట్టుదలైనా పుడుతుంది. ఏ జవాబూ లేకపోతే లోపల నీరసం కమ్ముకుంటుంది. కూటానికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఆ వారాల్లో పౌలు గలతీవాళ్లకు రాసిన పత్రికలోని "మనము మేలుచేయుటయందు విసుకక యుందము" అన్న మాటను స్త్రీల సమాజంలో పదేపదే చదువుకున్నాం. అది ఎప్పుడో ఒకసారి చేసే మేలు గురించి కాదని అప్పుడే నాకు బాగా అర్థమైంది. విసుగు వచ్చే పనే అయి ఉండాలి, లేకపోతే విసుకవద్దని చెప్పాల్సిన అవసరమేముంది?

అప్పీలు తర్వాత కాయితాలు వచ్చాయి. ఎఫ్ఎంబీ కాపీ జిరాక్సు మీద జిరాక్సు తీసింది, సగం మసక. పక్కపక్కన రెండు గీతలు, మధ్యలో 33 అని అంకె. మాకెవరికీ అర్థం కాలేదు. ఒకప్పుడు సర్వేయర్ల వెంట గొలుసు పట్టిన తాతయ్య ఒకాయన కాలనీలో ఉన్నారు. కళ్లజోడు పైకి ఎత్తి, కాయితం ముక్కుకు దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇవి లింకులమ్మా" అన్నారు. నూరు లింకులు ఒక గొలుసు, గొలుసంటే 66 అడుగులు. అంటే 33 లింకులు సుమారు 22 అడుగులు. ఆర్ఎస్ఆర్ కాపీలో దానికి ఎదురుగా "డొంక పోరంబోకు" అని ఉంది, అంటే సర్కారు బాట. ఆ సాయంత్రమే టేపు పట్టుకుని వెళ్లి కొలిచాం. బాగా ఇరుకైన చోట ఐదడుగులు కూడా లేదు. తాతయ్య టేపు చివర పట్టుకుని నిలబడి, "నేను గొలుసు లాగిన రోజుల్లో ఇక్కడ రెండెడ్ల బండ్లు ఎదురెదురుగా వెళ్లేవి" అన్నారు.

అర్జీ మళ్లీ ఆఫీసుకు పట్టుకెళ్లే ముందు మేం ఇంకో పని చేశాం. డొంకను ఎక్కువగా కలుపుకున్న రైతు ఇంటికి వెళ్లాం. మత్తయి 18లో ప్రభువు చెప్పిన వరుస అది. ముందు నువ్వూ అతనూ ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడు, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లు, ఆ తర్వాతే నలుగురి ముందు పెట్టు. అది సంఘంలోని సహోదరుని గురించి చెప్పింది నిజమే, పొరుగువాడితోనూ అదే మర్యాద అని అనుకున్నాం. ఆయన మాకంటే పెద్దాయన. "మా నాయన కాలం నుంచీ ఇట్లాగే దున్నుతున్నాం, నేను కొత్తగా కలుపుకుంది లేదు" అన్నారు. అందులో అబద్ధం ఉందని నేననుకోను. ఏటా ఒక నాగటి చాలు జరుగుతూ ఉంటే ఎవరి కాలంలో ఎంత జరిగిందో ఎవరు చెప్పగలరు? కాయితం చూపించాం. ఒప్పుకోలేదు, కాదనలేదు. "సర్వేయరు వచ్చి రాయి వేస్తే చూద్దాం" అన్నారు. మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించారు. మా పెద్దాయన బయటికి వచ్చాక, ఆ ఇంటి అరుగు మీద కూర్చోవడం అదే మొదటిసారి అని చెప్పారు.

సోమవారం అర్జీలు తీసుకునే చోట జిల్లా అధికారుల ముందు పెట్టాం. సర్కారీ బాట మీది ఆక్రమణ కాబట్టి 1905 నాటి భూ ఆక్రమణ చట్టం కింద 7వ సెక్షన్ నోటీసు ఇచ్చి, విచారించి, 6వ సెక్షన్ కింద తొలగించాలని అర్జీలోనే రాశాం. ఒక రిటైర్డ్ ఉద్యోగి చెప్పిన సలహా ఇది. సెక్షన్ పేరు చెబితే అర్జీని పక్కన పెట్టడం కష్టమవుతుందన్నారు. నమోదు చేసుకుని నంబరు ఇచ్చారు. కొన్నాళ్లకు ఫోనుకు మెసేజ్ వచ్చింది: మీ సమస్య పరిష్కరించబడింది. చేలో ఒక్క గడ్డ కూడా కదల్లేదు. మా కుర్రాళ్లకు ఒళ్లు మండింది, ధర్నా చేద్దామన్నారు. అయ్యగారు వద్దనలేదు, "ముందు మళ్లీ అడుగుదాం" అన్నారు. అదే నంబరుతో, డొంక ఫోటోలు, ఎఫ్ఎంబీ కాపీ జతచేసి, సమస్య అలాగే ఉంది అని తిరిగి తెరిపించాం.

ఈ దశలోనే ఒక మధ్యవర్తి వచ్చాడు. అందరికీ తలా కొంత సర్దితే వారంలో సర్వేయరు వస్తాడన్నాడు. అతను అడిగిన మొత్తం మాకు పెద్దదే అయినా, చందాలు వేసుకుంటే వచ్చేదే. ఇది సంఘంలో నిజంగా బాధపెట్టిన చర్చ. "వానలు వచ్చేస్తున్నాయి, ఈ లోపు ఎవరైనా పోతే ఏం చేస్తాం, పంతం ముఖ్యమా మనుషులు ముఖ్యమా?" అని ఒకరు అడిగారు. జవాబు తేలిక కాదు. నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దని బాప్తిస్మమిచ్చు యోహాను సుంకం వసూలు చేసేవాళ్లకు చెప్పాడు, తీసుకునేవాడికి ఉన్న ఆజ్ఞ ఇచ్చేవాడికి లేదా అని అయ్యగారు అడిగారు. నాకు తోచింది ఇంకోటి. మనం లంచం ఇచ్చి తెచ్చుకుంటే రేపు పక్క కాలనీవాళ్లు, ఇవ్వలేనివాళ్లు, అదే పనికి అదే ఆఫీసుకు వెళ్తే వాళ్ల రేటు పెంచింది మనమే అవుతాం. ఇవ్వకూడదని తేల్చుకున్నాం. దానికి మూల్యం కాలంలో చెల్లించాం. ఓర్పు అంటే మంచి గుణం అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం కానీ, డబ్బూ పలుకుబడీ లేనివాళ్లు నీతి తప్పకుండా పని సాధించుకోవాలంటే ఉన్న ఒకే దారి అదేనని నాకు అక్కడే తెలిసింది. ఆ వానల్లో మా సంఘంలో ఒక భూస్థాపన జరిగింది. ఎప్పటిలా బురదలోనే మోశారు. ఆ ఇంటివాళ్లు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆ రోజు నేను పడ్డ బాధ రాయలేను.

ఒక నాయకుడి మనిషి కూడా మందిరానికి వచ్చాడు. పంచాయతీ ఎన్నికల్లో ఓట్లన్నీ ఒకే వైపు వేయిస్తే డొంక పని తనది అన్నాడు. అయ్యగారు గౌరవంగానే, "ఓటు ఎవరిది వాళ్లది, దాన్ని నేను కట్టగట్టి ఇవ్వలేను" అని చెప్పి పంపారు. తర్వాతి ఆదివారం అందరూ తప్పకుండా ఓటు వేయండి, ఎవరికి అన్నది మీ మనస్సాక్షి అని ప్రకటన చేశారు. ఒక కాపరి పాటించాల్సిన హద్దు అదేనని నా గట్టి నమ్మకం.

నోటీసులు కదిలాయి. శనగ కోత అయ్యేదాకా ఆగమని ఆ రైతు అడిగితే మేం రాతపూర్వకంగా ఒప్పుకున్నాం. నిలబడ్డ పంట తొక్కించడం మాకు ఇష్టం లేదు. కోతలయ్యాక సర్వేయరు రోవర్ మిషను తెచ్చి కొలతలు వేసి రాళ్లు పాతించారు. ఊళ్లో సగం మంది వచ్చారు. రెండు వైపులా చేల నుంచీ కొంత కొంత పోయింది. సంతకం పెట్టిన రైతుల్లో ఇద్దరి చేలలోంచి కూడా వెళ్లింది, వాళ్లు మారు మాట్లాడలేదు. ఎక్కువ పోయిన పెద్దాయన రాయి పాతేటప్పుడు మౌనంగా నిలబడి, చివర్లో "సరే, నా ట్రాక్టరుకీ దారే కదా" అని వెళ్లిపోయారు.

గ్రామసభలో తీర్మానం చేయించి ఉపాధి హామీలో మట్టి పని పెట్టించాం. కాలనీ ఆడవాళ్లే ఎక్కువగా పనికి వెళ్లారు. పలుగు, పార, తట్ట పట్టుకుని తమ పెద్దల సమాధుల దాకా తామే బాట వేశారు, దానికి కూలి కూడా అందింది. మొదటి రోజు పని మొదలుపెట్టే ముందు పెద్దమ్మ ప్రార్థన చేసింది. అక్కడే పనిచేస్తున్న వేరే వీధి ఆడవాళ్లు కూడా పారలు కింద పెట్టి నిలబడ్డారు.

ఇప్పుడు డొంక మీద ట్రాక్టర్లు తిరుగుతున్నాయి, అంబులెన్సు కూడా చేల దాకా వెళ్లగలదు. వాగు దాటే చోట తూము మాత్రం ఇంకా కాలేదు. గట్టి వాన పడితే అక్కడ నీళ్లు నిలుస్తున్నాయి. తూము కోసం తీర్మానం అయింది, అంచనా ఇంజనీరు గారి దగ్గర ఉంది. ఫైలు ఎక్కడ ఉందో అడుగుతూ ఇంకో దరఖాస్తు పెట్టాం, 30 రోజుల గడువు వచ్చే వారంతో అయిపోతుంది. జవాబు రాకపోతే రాయాల్సిన అప్పీలు ముసాయిదా సిద్ధంగా ఉంచాం. ఈసారి సోమవారం మాతోపాటు డొంక రైతులు ఇద్దరు కూడా జిల్లా ఆఫీసుకు వస్తామన్నారు.